లిపుల దారిలో – 9: అయ్బ్ నుంచి కే వరకు

గత భాగాన్ని ఎడెస్సాలో ఆపాం. సిరియాక్ లేఖకుల బడులు, వాళ్ల చర్మపత్రాల పుస్తకాలు, చదువు కోసం ఆ ఊరికి వచ్చే విద్యార్థులు, అన్నీ చూశాం. క్రీ.శ. 5వ శతాబ్దం మొదట్లో అదే ఎడెస్సాకు ఉత్తరాన ఉన్న కొండల దేశం నుంచి ఒక సన్యాసి వచ్చాడు. వయసు నలభై దాటింది. వెంట కొంతమంది కుర్రవాళ్లున్నారు. రాజూ, మతగురువూ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చి పంపితే వచ్చారు. పని ఒక్కటే: తమ భాషకు అక్షరాలు సంపాదించుకుని తిరిగి వెళ్లాలి.

ఆ సన్యాసి పేరు మష్తోత్స్. తరువాతి కాలం ఆయనను మెస్రోప్ మష్తోత్స్ అంది. దగ్గర ఉండి చదువుకున్న శిష్యుడు కొర్యున్ మాత్రం తాను రాసిన జీవితచరిత్రలో మష్తోత్స్ అనే పిలుస్తాడు. మనకూ అదే చాలు.

వచ్చిన దేశం అర్మేనియా. సంప్రదాయం ప్రకారం 301లో, చాలామంది పరిశోధకుల లెక్కలో 314 ప్రాంతంలో, రాజు తిరిదాత్ క్రైస్తవం పుచ్చుకున్నాడు. బాప్తిస్మం ఇచ్చినవాడు గ్రిగొర్ లుసావొరిచ్. ఒక రాజ్యం మొత్తంగా ఆ మతాన్ని అధికారికం చేసుకోవడం అదే మొదలని అర్మేనియన్లు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. గర్వం సంగతి ఎలా ఉన్నా, ఆదివారం గుడిలో జరిగేది వేరు. వేదగ్రంథం గ్రీకులో చదివేవారు, కాదంటే సిరియాక్‌లో. వింటున్న రైతుకు రెండూ రావు. పక్కన ఒకడు నిలబడి నోటి మాటగా అర్మేనియన్‌లోకి మార్చి చెప్పేవాడు. వాడు రాని రోజున గుడికి వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే.

అర్మేనియన్లకు భాష లేక కాదు. పాటలున్నాయి, వీరగాథలున్నాయి, తరాల పాటు నోటి మీద నడిచిన వంశకథలున్నాయి. రాత మాత్రం ఎప్పుడూ అరువే. రాజశాసనం గ్రీకులోనో, అరమాయిక్‌లోనో, పారశీకుల లిపిలోనో ఉండేది. పాతమతంలో పూజారి మంత్రం నోటితో చెబితే చాలు కనుక ఆ లోటు పెద్దగా బాధించలేదు. క్రైస్తవం పుస్తకం మీద నిలిచిన మతం. అక్కడ చిక్కొచ్చింది.

దీనికి రాజకీయం తోడైంది. 387లో రోము, సాసానియన్ పర్షియా కలిసి అర్మేనియాను పంచుకున్నాయి. పెద్ద ముక్క పర్షియాకు పోయింది. అక్కడ పేరుకు ఒక అర్మేనియన్ రాజు మిగిలాడు, కానీ పైన కూర్చున్నది శత్రుమతం పాటించే చక్రవర్తి. పడమటి ముక్కను గ్రీకు చర్చి తనలో కలుపుకుంటుంది. తూర్పు ముక్కలో గ్రీకు అంటే రోముకు వేగు అన్న అనుమానం, అందువల్ల సిరియాక్‌దే పైచేయి. మరో రెండు తరాలు ఇలాగే గడిస్తే ఒకే జాతి రెండు చర్చిల భాషల్లో ప్రార్థిస్తూ రెండుగా విడిపోతుంది. లిపి కథను దైవప్రేరణతోనే మొదలుపెట్టేవాళ్లు ఈ 387ను కాస్త తొందరగా దాటేస్తారు. నా మటుకు నాకు అక్షరాల అసలు పుట్టుక అక్కడే కనిపిస్తుంది.

మష్తోత్స్ 362 ప్రాంతంలో తరోన్ సీమలోని హత్సెకాత్స్ పల్లెలో పుట్టాడు. ఇప్పుడది తూర్పు తుర్కియేలో, ముష్ పట్టణం వైపు. గ్రీకు చదువు బాగా వచ్చింది. రాజధాని వఘార్షపాత్‌లో ఆస్థాన లేఖనశాలలో కొలువు చేశాడు, కొంతకాలం సైన్యంలోనూ ఉన్నాడు. తరువాత అన్నీ వదిలి సన్యాసం తీసుకుని గొఘ్తన్ సీమకు ప్రచారానికి వెళ్లాడు. అరస్ నది ఒడ్డున, నేటి నఖిచెవాన్ ప్రాంతమది. పాతమతం అక్కడ ఇంకా బలంగానే ఉంది. ఈయనే చదవాలి, ఈయనే అర్థం చెప్పాలి. ఈయన పక్క ఊరికి వెళితే ఈ ఊళ్లో చెప్పిందంతా మళ్లీ మొదటికి వచ్చేది. ఆస్థానంలో కాగితాలు నడిపిన మనిషికి ఇది భక్తి లోపంగా తోచలేదు, పద్ధతి లోపంగా తోచింది. తిన్నగా కథొలికోస్ దగ్గరికి, అంటే అర్మేనియన్ చర్చికి పెద్ద అయిన సహాక్ పార్థెవ్ దగ్గరికి వెళ్లాడు. సహాక్ కూడా అదే దిగులుతో ఉన్నాడు. ఇద్దరూ రాజు వ్రంషాపుహ్‌ను కలిశారు.

రాజు ఒక కబురు చెప్పాడు. దానియేల్ అనే సిరియన్ బిషప్ దగ్గర అర్మేనియన్‌కు పనికొచ్చే అక్షరాలు ఉన్నాయట. మనిషిని పంపి తెప్పించారు. పిల్లలను పోగుచేసి దాదాపు రెండేళ్లు వాటితోనే పాఠాలు చెప్పారు. కుదరలేదు. అర్మేనియన్ పలికే ధ్వనులన్నీ ఆ అక్షరాల్లో ఇమడలేదు. ఎక్కడో పాతిపెట్టిన అక్షరాలను తవ్వి తీసినట్టుగా ఉన్నాయన్న అర్థంలో కొర్యున్ వాటిని కొట్టిపారేస్తాడు. ఈ రెండేళ్ల ప్రయత్నం పుణ్యకథల్లో ఒక వాక్యంతో సరిపోతుంది కానీ, ఏ ధ్వనికి అక్షరం లేదో, ఏ అక్షరం రెండు ధ్వనులకు అడ్డం పడుతోందో మష్తోత్స్‌కు తెలిసింది ఆ బడిలోనే అయి ఉండాలి. పిల్లలు తప్పులు చదివిన చోటల్లా ఆయనకు ఒక కొత్త అక్షరం అవసరం కనబడి ఉంటుంది.

ఆ తరువాతే ఎడెస్సా ప్రయాణం. అమిద్, ఎడెస్సా, సమొసాత, అంతా యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల పైభాగం. వెంట వచ్చిన కుర్రవాళ్లను రెండు జట్లు చేశాడు. ఒక జట్టు ఎడెస్సాలో సిరియాక్ చదువుకు, ఇంకో జట్టు సమొసాతలో గ్రీకు చదువుకు. అనువాదానికి మనుషులను ముందే సిద్ధం చేస్తున్నాడన్నమాట, ఇంకా అక్షరాలు పుట్టకుండానే! 405 ప్రాంతంలో (ఒక ఏడు అటూ ఇటూ అనే పండితులున్నారు) 36 అక్షరాలు రూపం దిద్దుకున్నాయి. సమొసాతలో రుఫినోస్ అనే గ్రీకు లేఖకుడు ఉండేవాడు, అందమైన దస్తూరీకి పేరుపడ్డవాడు. అక్షరాల సన్న గీత, లావు గీత, పొడవు, కురచ అతనే సరిదిద్దాడని కొర్యున్ దాచకుండా రాశాడు. వెంటనే ఇద్దరు శిష్యులు, హొవ్హాన్, హొవ్సెప్, తోడుగా అనువాదం మొదలైంది. తొలుత ఎత్తుకున్నది సువార్త కాదు, సొలొమోను సామెతల గ్రంథం. అర్మేనియన్ లిపిలో మొట్టమొదట రాసిన వాక్యం జ్ఞానాన్ని, ఉపదేశాన్ని ఎరగడం గురించి చెబుతుంది. దస్తూరీ నేర్పే గురువులు పిల్లలకు నీతివాక్యాలు ఇచ్చి దిద్దించడం ఆ కాలపు వాడుకే. కనుక ఆ ఎంపికలో వేదాంతం ఎంతో, బడి అలవాటు ఎంతో చెప్పలేం.

ఇక అక్షరాల పనితనం. తెలుగు చదివేవాళ్లు దీన్ని చప్పున పట్టుకోగలరు. అర్మేనియన్‌లో ప, ఫ, బ వంటి మూడేసి ధ్వనుల వరుసలు ఐదున్నాయి: పెదవి ధ్వనులకు ఒకటి, త వర్గానికి ఒకటి, క వర్గానికి ఒకటి. మిగతా రెండూ మన చ, జలకు సంబంధించినవి. ‘చలి’లో చకారం, ‘చెట్టు’లో చకారం పలకడంలో ఒకటి కావు, మనం ఒకే అక్షరంతో నెట్టుకొస్తున్నాం. అర్మేనియన్‌లోనూ ఆ తేడా ఉంది. మష్తోత్స్ దాన్ని విడిచిపెట్టలేదు, రెండింటికీ వేర్వేరు వరుసలు ఇచ్చాడు. మన ర, ఱ లాగే వాళ్లకూ రెండు రకాల రకారాలున్నాయి, వాటికీ వేర్వేరు అక్షరాలే. గ్రీకు లిపిలో ఈ చ, జ, శ ధ్వనులకు చోటే లేదు. సిరియాక్ లిపి హల్లులనే రాసి అచ్చులను చాలావరకు చదువరి ఊహకు వదిలేస్తుంది. ఒక ధ్వనికి ఒక అక్షరం, ఒక అక్షరానికి ఒక ధ్వని అన్న నియమాన్ని ఇంచుమించు పూర్తిగా పాటించిన లిపి ఇది. పదహారు వందల ఏళ్ల తరువాత కూడా పెద్ద మార్పులు అవసరపడలేదంటే కారణం అదే.

పునాది మాత్రం గ్రీకే. ఎడమ నుంచి కుడికి రాయడం, అచ్చులను హల్లులతో సమానంగా నిలబెట్టడం అక్కడి నుంచి వచ్చాయి. అక్షరాల వరుస చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. ఆల్ఫా, బీటా, గామా, డెల్టాల చోట అయ్బ్, బెన్, గిమ్, దా. గ్రీకు వరుస చెదరకుండా ఉంచి, కొత్త అక్షరాలను మధ్య సందుల్లో చొప్పించాడు. ‘ఉ’ ధ్వనికి గ్రీకువాళ్లు రెండు అక్షరాలు కలిపి రాస్తారు. మష్తోత్స్ కూడా, ఇంత శ్రద్ధగా ఒక్కో ధ్వనికి ఒక్కో అక్షరం కట్టినవాడు, ఉకారం దగ్గరికి వచ్చేసరికి గ్రీకు అలవాటునే పాటించి రెండు అక్షరాలు కలిపాడు. గ్రీకు మూలానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అక్షరాల ఆకారాలు ఎక్కడివన్న దాని మీద మాత్రం పండితుల వాదన ఇంకా తెగలేదు. గ్రీకు అనేవారున్నారు, పారశీకుల పహ్లవీ అనేవారున్నారు, ఇథియోపియా లిపి దాకా వెళ్లినవారూ ఉన్నారు.

ఈ 36కు ఒక మతపరమైన చదువు కూడా ఉంది. మొదటి అక్షరం అయ్బ్. దేవుడిని అర్మేనియన్‌లో అస్త్వాత్స్ అంటారు, ఆ మాట మొదలయ్యేది దానితోనే. చివరి అక్షరం కే, క్రిస్తోస్‌కు మొదటి అక్షరం. అక్షరమాల దేవుడితో మొదలై క్రీస్తుతో ముగుస్తుందని చర్చి బోధిస్తుంది. వినడానికి అందమైన ఏర్పాటు. కానీ గ్రీకు వరుసను పక్కన పెట్టి చూడండి. చివరి మూడు అక్షరాలు ఖీ, ప్సీ, ఒమేగా. అర్మేనియన్‌కు ‘ప్స్’ అనే జంటధ్వనికి వేరే అక్షరం అవసరం లేదు, రెండో ఒకారమూ అక్కర్లేదు. ఆ రెండూ రాలిపోతే చివర మిగిలేది ఖీ. ‘కే’ దాని స్థానంలో ఉన్నదే. మష్తోత్స్ సంకల్పించాడో, వరుస దానంతటదే అలా వచ్చి ఆగితే చూసి మురిసిపోయాడో! ఇంకో చిన్న చమత్కారం: మధ్యయుగంలో ‘ఓ’, ‘ఫె’ అని రెండు అక్షరాలు చివర చేరాయి. బడి పట్టికలో ఇప్పుడు క్రీస్తు అక్షరం చివరిది కాదు. అయినా బోధ మారలేదు, ఎందుకంటే పవిత్రమైనవి ఆ తొలి 36 మాత్రమే.

వాటితోనే లెక్కలు కూడా రాశారు. తొమ్మిదేసి అక్షరాలు నాలుగు వరుసలు: ఒకట్లు, పదులు, వందలు, వేలు. అయ్బ్ అంటే 1, కే అంటే 9000. అర్మేనియన్ శకం 552లో మొదలవుతుంది. పాత చర్చి గోడ మీద అక్షరాల్లో చెక్కిన సంవత్సరానికి 551 కలిపితే మన లెక్కకు వస్తుంది.

ఇప్పుడు అద్భుతం సంగతి. మోవ్సెస్ ఖొరెనత్సి రాసిన చరిత్రలో మష్తోత్స్ ప్రార్థనలో ఉండగా ఒక దర్శనం కలుగుతుంది. అది కల కాదు, మెలకువా కాదు. మనసు కంటికి ఒక కుడిచేయి కనిపించి రాతి మీద అక్షరాలు రాస్తుంది. మంచు మీద గీత పడ్డట్టు రాయి వాటిని నిలుపుకుంటుంది. అర్మేనియన్ చిత్రకారులందరూ గీసింది ఈ ఘట్టాన్నే. పక్కనే ఉన్న కొర్యున్ ఏం రాశాడు? దేవుడి కృప అన్నాడు, తండ్రి బిడ్డలను కన్నట్టు మష్తోత్స్ తన పవిత్రమైన కుడిచేత్తో అక్షరాలను కన్నాడన్నాడు. అక్కడ చేయి మష్తోత్స్‌దే. ఖొరెనత్సి దగ్గరికి వచ్చేసరికి అది ఆకాశంలోంచి దిగిన చేయి అయింది. ప్రయాణాలు, పనికిరాని రెండేళ్లు, అరువు అక్షరాలు, గ్రీకు లేఖకుడి సాయం, ఇవన్నీ కొర్యున్ మనకు మిగిల్చాడు. తన గురువు మహిమ వీటివల్ల తగ్గుతుందని ఆయనకు తోచనేలేదు. ఆ నిబ్బరం నాకు దర్శనం కంటే గొప్పగా అనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో వఘార్షపాత్ బయట నది ఒడ్డునే రాజు, సహాక్, ప్రధానులు ఎదురొచ్చి స్వాగతం పలికారు. ఇక్కడ కొర్యున్‌కు సినాయి కొండ దిగిన మోషే గుర్తొస్తాడు. పోలిక ఊరికే రాలేదు. అక్షరాలు తెచ్చినవాడు ధర్మశాస్త్రం తెచ్చినవాడితో సమానమని ఆ తరం మనస్ఫూర్తిగా నమ్మింది.

తరువాత అంతా బడులు, అనువాదాలు. మష్తోత్స్ మళ్లీ గొఘ్తన్‌కు వెళ్లాడు. కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్లి చక్రవర్తి రెండో థియొడోసియస్ దగ్గర అనుమతి తెచ్చుకుని రోమన్ అర్మేనియాలోనూ బడులు తెరిచాడు. బైబిల్ మొదట చేతికందిన ప్రతుల నుంచి మార్చారు. 431లో ఎఫెసు సభ జరిగాక శిష్యులు మంచి గ్రీకు ప్రతులు తెచ్చారు. సహాక్, శిష్యుల్లో ఒకడైన ఎజ్నిక్ వాటితో సరిపోల్చి అనువాదాన్ని మళ్లీ సరిచేశారు. ఐరోపా పండితుడు లా క్రోజ్ 18వ శతాబ్దంలో దీన్ని అనువాదాలలో రాణి అన్నాడు. బైబిల్‌తో ఆగలేదు. చర్చి చరిత్రకారుడు యుసీబియస్ రాసిన కాలచరిత్రకు గ్రీకు మూలం పోయింది, అర్మేనియన్‌లో నిలిచింది. యూదు తత్వవేత్త ఫైలో రచనలు కొన్ని అలాగే దక్కాయి. రెండో శతాబ్దపు బిషప్ ఇరెనేయస్ రాసిన ఒక గ్రంథం పేరు తప్ప ఏమీ మిగల్లేదనుకున్నారు. 1904లో యెరెవాన్‌లో ఒక రాతప్రతిలో అర్మేనియన్ అనువాదం దొరికింది.

ఈ పనివాళ్లను చర్చి ఏం చేసిందో చూడండి. పరిశుద్ధులను చేసింది. అక్టోబరులో ‘సుర్బ్ తర్గ్‌మాన్‌చాత్స్’, పరిశుద్ధ అనువాదకుల పండుగ, వస్తుంది. హతసాక్షులకు, సన్యాసులకు ఉన్నట్టే అనువాదకులకూ గుడిలో ఆరాధన జరుగుతుంది. బాప్తిస్మం, పెళ్లి, అంత్యక్రియల విధులున్న పుస్తకాన్ని అర్మేనియన్ పాదిరులు ‘మష్తోత్స్’ అనే అంటారు. మనిషి పేరు పుస్తకం పేరైపోయింది.

సమయానికే పని పూర్తయింది. 428లో పర్షియా ఆ పేరుకున్న రాజునూ తొలగించి తన ప్రతినిధిని కూర్చోబెట్టింది. సహాక్ 439లో, మష్తోత్స్ 440లో కన్నుమూశారు. పదకొండేళ్లు తిరక్కుండానే పర్షియా చక్రవర్తి రెండో యజ్దగర్ద్ అర్మేనియన్లు జరతుష్ట్ర మతానికి మారాలని శాసించాడు. 451లో అవరాయర్ మైదానంలో యుద్ధం జరిగింది. సేనాని వర్దన్ మామికొన్యన్, సహాక్‌కు మనవడు, కూతురి కొడుకు. ఆ రోజు ఓడిపోయారు, వర్దన్ చనిపోయాడు. పోరు మాత్రం ఆగలేదు. 484లో పర్షియా దిగివచ్చి మతస్వేచ్ఛ ఇచ్చింది. అదే 451లో క్రైస్తవ లోకమంతా చాల్సిడాన్ సభలో క్రీస్తు స్వభావం మీద తర్కించుకుంటోంది. అర్మేనియన్లు అక్కడ లేరు. మరుసటి శతాబ్దంలో ద్విన్ నగరంలో కూడి ఆ సభ నిర్ణయాన్ని కాదన్నారు. గ్రీకులు ఒప్పుకోలేదు, అయినా అర్మేనియన్ చర్చి మునిగిపోలేదు. సొంత పుస్తకం, సొంత ప్రార్థన ఉన్న చర్చి పెద్దన్న మాట కాదనగలదు.

రాజ్యం లేని జాతికి రాతప్రతి ఎంత ప్రియమైందో ఒక వాడుక చెబుతుంది. దండెత్తి వచ్చినవాళ్లు పుస్తకం ఎత్తుకుపోతే అది ‘చెరపడింది’ అని రాసేవారు, డబ్బిచ్చి తెచ్చుకుంటే ‘విడిపించాం’ అనేవారు. మనిషి గురించి రాసినట్టే! యెరెవాన్‌లోని మతెనదరాన్ భాండారంలో ఇప్పుడు 17 వేల పైచిలుకు రాతప్రతులున్నాయి. అందులో ముష్ ప్రసంగాల సంపుటం 1200–1202 నాటిది, బరువు 28 కిలోలు. ఒట్టోమన్ రాజ్యంలో అర్మేనియన్ల మీద సాగిన 1915 మారణకాండలో ఇద్దరు స్త్రీలు దాన్ని రెండు భాగాలు చేసి మోసుకుపోయారు. ఒక సగం చర్చి ప్రధాన పీఠమైన ఎచ్మియాద్జిన్ చేరింది. రెండో సగం ఎర్జురూమ్ దగ్గర మఠం ఆవరణలో పాతిపెట్టి ఉండగా తరువాత దొరికింది. ఇప్పుడు రెండూ ఒకచోటే ఉన్నాయి. మష్తోత్స్ సమాధి ఒషాకన్ పల్లెలో ఉంది. బడిలో చేరిన పిల్లలను అక్షరాలు మొదలుపెట్టించడానికి అక్కడికి తీసుకొస్తారు. అర్తషవాన్ దగ్గర 2005లో, లిపికి 1600 ఏళ్లు నిండిన సందర్భంగా, వాస్తుశిల్పి జిమ్ తొరోస్యాన్ 39 అక్షరాలను రాతిలో నిలబెట్టాడు. ఆ అదనపు మూడింట్లో రెండు మనం చెప్పుకున్నవే, మూడోది ‘యెవ్’ అనే జంటాక్షరం.

అచ్చు వచ్చాక ఈ అక్షరాలు వ్యాపారుల వెంట నడిచాయి. తొలి అర్మేనియన్ అచ్చుపుస్తకం 1512లో వెనిస్‌లో, తొలి బైబిల్ 1666లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడ్డాయి. ఇక తొలి అర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ పుట్టింది మన మద్రాసులో, 1794లో. నడిపినవాడు హరుత్యున్ ష్మవొన్యన్ అనే పాదిరి. గోల్కొండ కాలం నుంచే అర్మేనియన్ వర్తకులు మచిలీపట్నం రేవులో మసలినవాళ్లు. హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దం నాటి వాళ్ల సమాధుల మీద మష్తోత్స్ అక్షరాలు ఇప్పటికీ చదువుకోవచ్చు.

ఒక పేచీ మిగిలింది. మష్తోత్స్ అర్మేనియన్లకే కాక పొరుగున ఉన్న జార్జియన్లకు, కాకసస్ అల్బేనియన్లకు కూడా అక్షరాలు కట్టి ఇచ్చాడని కొర్యున్ రాశాడు. జార్జియన్లు ఈ మాట ఒప్పుకోరు. అల్బేనియన్లు ఒప్పుకోవడానికీ కాదనడానికీ మిగల్లేదు. వాళ్ల లిపి ఎక్కడా కనిపించకుండా పోయింది. 1937లో ఒక అర్మేనియన్ రాతప్రతిలో దాని అక్షరాల పట్టిక బయటపడింది. తరువాత సినాయి కొండ పాదాన సెయింట్ కేథరిన్ మఠంలో, చెరిపి మళ్లీ రాసిన జార్జియన్ పుస్తకాల అడుగున, ఆ అక్షరాలే పుటల కొద్దీ కనిపించాయి. వచ్చే భాగంలో ఆ మఠానికి వెళదాం.